ఉచ్చుల్లో చిక్కిన వెచ్చదనం

ఘన్‌పూర్ అనే పేరుగల ఊళ్లు తెలంగాణలో చాలానే ఉన్నాయి. జనగామ జిల్లాలో, సికిందరాబాదు-కాజీపేట లైను మీద ఉన్న ఘన్‌పూర్‌కు రైలు స్టేషన్ ఉంది కనక అది స్టేషన్ ఘన్‌పూర్ అయింది. డిసెంబరు నెలాఖరున ఏ తెల్లవారుజామునో ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడి చుట్టూ చూడండి. చలికి తలా ఒకటి కప్పుకొని కనిపిస్తారు. కురుమ తాత భుజాల మీద నల్లటి గొంగడి. బెంచీ మీద ముడుచుకుని కూర్చున్న అవ్వ ఒంటి మీద పాత చీరలు దొంతరగా పేర్చి కుట్టిన బొంత. కాలేజీకి పోయే కుర్రవాడికి బజారులో కొన్న స్వెట్టరు. తల్లి ఒళ్లో పడుకున్న పసిపాపకు ఇంట్లో ఎవరో కొక్కెం సూదితో అల్లిన టోపీ, అదే రంగు చిన్న దుప్పటి.

ఈ నాలుగింటిలో ఏది ఎక్కువ వేడి వస్తువు?

తొందరపడి గొంగడి అనకండి. అసలు ఆ ప్రశ్నలోనే ఒక తిరకాసు ఉంది.

దుప్పటికి సొంత వేడి లేదు

గొంగడి వేడి వస్తువే అయితే దాని మడతల్లో థర్మామీటరు పెట్టి గది మూల ఉంచినప్పుడు ద్రవం పైకి ఎక్కాలి కదా? చేసి చూడండి. జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు. అది 35 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. బడి ప్రయోగశాలలోని స్పిరిట్ థర్మామీటరు అడిగి తెచ్చుకోండి. రాత్రంతా ఉంచినా సరే, గది ఎంత ఉందో గొంగడి లోపలా అంతే ఉంటుంది.

ఇంకా నమ్మకం కుదరకపోతే రెండు సమానమైన మంచుముక్కలు తీసుకోండి. రెంటినీ చెరొక ప్లాస్టిక్ సంచిలో వేసి, ఒకదాన్ని పళ్లెంలో ఉంచండి, రెండోదాన్ని ఉన్ని స్వెట్టర్లో చుట్టిపెట్టండి. ఏది ముందు కరుగుతుంది? స్వెట్టరు వేడి పుట్టించేదే అయితే అందులోది ముందు కరగాలి. కాని పళ్లెంలోది నీరైపోయిన తరవాత కూడా స్వెట్టర్లోది ఇంకా ముక్కగానే మిగిలి ఉంటుంది. మంచుదిమ్మలు అమ్మేవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. అందుకే దిమ్మ మీద ఊక పోసి గోనెపట్టా కప్పుతారు.

అంటే దుప్పటి చేసే పని ఒక్కటే. వేడిని ఇటునుంచి అటు పోనివ్వదు. లోపల మంచు ఉంటే బయటి వేడి లోపలికి రాదు. లోపల మనిషి ఉంటే మనిషి వేడి బయటికి పోదు. మరి వేడి ఎక్కడిది? మనదే. నిద్రపోతున్న పెద్దమనిషి ఒంటి నుంచి సుమారు 70, 80 వాట్ల వేడి నిరంతరం వెలువడుతూనే ఉంటుంది. పాతకాలపు గాజుబుడ్డి బల్బు ఒకటి పక్కలో వెలుగుతున్నట్టే అన్నమాట. తిన్న అన్నమే దానికి ఇంధనం.

వేడిని ఆపేది ఉన్ని అనుకుంటాం. నిజానికి ఉన్ని పోగు పదార్థం గాలికన్నా కొన్ని రెట్లు బాగా వేడిని మోస్తుంది. నీరైతే గాలికన్నా ఇరవై రెట్లకు పైగా మోస్తుంది. మన చేతికి దొరికేవాటిలో వేడిని బహు బద్ధకంగా మోసేది గాలి. బొద్దుగా ఉన్న ఉన్ని దుప్పటి ఘనపరిమాణంలో పదింట ఎనిమిది తొమ్మిది పాళ్లు గాలే! డబ్బులిచ్చి కొనేది ఉన్ని, కాపాడేది గాలి.

అయితే గాలి చుట్టూ ఉండగా వేరే దుప్పటి ఎందుకు? ఎందుకంటే గాలి ఒకచోట నిలవదు. ఒంటికి తగిలి వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది, చల్లగాలి ఆ చోటికి వస్తుంది. దీన్నే సంవహనం అంటారు. గాలిని కదలకుండా చిన్న చిన్న గదుల్లో బంధించాలి. ఆ గదుల గోడలే దారం. గోడలు కట్టే పద్ధతులు మాత్రం రకరకాలు.

మగ్గం, బొంత, కొక్కెం

మగ్గం మీద రెండు జట్ల దారాలు ఉంటాయి. నిలువు దారాలు పడుగు, అడ్డంగా ఆడేది పేక. ఒకదాని కింద ఒకటి, మీద ఒకటి దూరి బిగుసుకుంటాయి. గొంగడి ఇలాంటిదే. బొంత సంగతి వేరు. అందులో ఏడెనిమిది పొరల పాత బట్ట ఉంటుంది, పొరకూ పొరకూ మధ్య పలచని గాలి అర ఉంటుంది. బొంత మీది కుట్లు అందం కోసం మాత్రమే కాదు. పొరలు ఒకచోటికి జారి ముద్దకాకుండా పట్టి ఉంచేవి అవే.

పసిపాప టోపీ మూడో రకం. దీన్ని క్రోషియా అంటారు. ఒకే దారం, చివర చిన్న కొక్కెం ఉన్న ఒకే సూది. ముందు జారుముడి వేసి ఒక ఉచ్చు చేస్తారు. కొక్కెంతో దారాన్ని ఆ ఉచ్చులోంచి లాగితే రెండో ఉచ్చు వస్తుంది. రెండోదాన్లోంచి మూడోది. అలా గొలుసు తయారవుతుంది. మలుపు తిరిగి వచ్చేటప్పుడు కిందివరస ఉచ్చుల్లోకి కూడా కొక్కెం గుచ్చి లాగుతారు. వరస మీద వరస అతుక్కుంటుంది. ఇంతే విద్య.

రెండు సూదులతో అల్లే స్వెట్టర్లో ఒక వరసలోని ఉచ్చులన్నీ, అవి నూరున్నా నూటయాభై ఉన్నా, ఒకేసారి సూది మీద నోరు తెరుచుకుని ఉంటాయి. సూది జారిందా, వరస వరసంతా ఊడుతుంది. క్రోషియాలో ఏ క్షణాన చూసినా తెరిచి ఉండేది సాధారణంగా ఒకే ఒక్క ఉచ్చు. పొయ్యి మీద అన్నం పొంగిందా, దాన్ని కాస్త పొడుగ్గా లాగి పక్కన పడేసి లేచిపోవచ్చు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో వేలాది స్త్రీలు తరతరాలుగా ఇళ్లలో లేసులు అల్లుతున్నారంటే ఈ సౌకర్యమూ ఒక కారణమే. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా అక్కడికి వచ్చిన ఈ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కాని అదే సౌకర్యం వాళ్లకు చేటూ చేసింది. ఎప్పుడంటే అప్పుడు ఆపి మళ్లీ అందుకోవచ్చు కనక ఇది తీరికవేళ కాలక్షేపమే అన్నారు, కూలి తక్కువ ఇచ్చారు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఆ లేసుపనివారి మీద 1982లో ఒక పుస్తకమే ప్రచురించింది. రోజుకు ఆరేడు గంటలు వంగి చేసే పని కాలక్షేపం ఎలా అవుతుందో మీరే ఆలోచించండి.

నరసాపురం లేసు సన్నని నూలుతో చేసేది, అందానికి. మనకు కావలసింది వెచ్చదనం కనక లావు దారం దగ్గరకు పోదాం.

ఫ్యాను పెడితే ఏమవుతుంది?

ఉచ్చు వంపు తిరిగి ఉంటుంది కనక అల్లిక బొద్దుగా లేస్తుంది, గాలిని బాగా పట్టుకుంటుంది. మరి నూటికి నూరు మార్కులా? కాదు. దాని కన్నాలు పెద్దవి. ఈ ప్రయోగం చేయండి.

ఒకే కొలత గల మూడు స్టీలు గ్లాసుల్లో సమానంగా వేడినీళ్లు పోసి మూతలు పెట్టండి. నీళ్లు మీరు పోయకండి, పెద్దవాళ్లను పోయమనండి. ఒకటి ఉత్తది. రెండోదానికి క్రోషియా అల్లిక చుట్టండి. మూడోదానికి అలాంటి అల్లికే చుట్టి, దాని మీద పలచని పాత ధోవతి గుడ్డ ఒక్క చుట్టు చుట్టండి. అయిదేసి నిమిషాలకు వేడి ఎంతో రాసుకోండి. మళ్లీ ఇదంతా తిరిగే ఫ్యాను ఎదుట చేయండి. గాలి ఆడని గదిలో రెండో గ్లాసుకూ మూడోదానికీ పెద్ద తేడా కనిపించదు. ఫ్యాను ఎదుట మాత్రం రెండోది గబగబా చల్లారుతుంది. కన్నాల్లోంచి గాలి దూరి, లోపల బంధించిన వెచ్చటి గాలిని తరిమేస్తుంది. ధోవతి గుడ్డ పలచనిదే, కాని నేత బిగుతుగా ఉండి గాలికి తలుపు వేస్తుంది.

అంచేత ఇంట్లో మంచం మీదికి క్రోషియా దుప్పటి దివ్యంగా ఉంటుంది. ట్రాక్టరు ట్రాలీలో తెల్లవారుజామున ప్రయాణం చేస్తే అదే దుప్పటి వల్ల ఒరిగేది తక్కువ. దాని మీద ఒక దుప్పటిగుడ్డ కప్పితే అప్పుడు రెండూ కలిసి పనిచేస్తాయి.

గొంగడికి ఆ బాధ లేదు. ఆరుబయట బతికే మనిషి కోసం పుట్టిందది. దక్కనీ జాతి నల్లగొర్రెల బొచ్చు ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఆడవాళ్లు వడుకుతారు, గుంటమగ్గం మీద మగవాళ్లు నేస్తారు, చింతగింజల గంజి పట్టించి బిగువు తెస్తారు. వాన చినుకులు దాని మీద నుంచి చాలావరకు జారిపోతాయి. ఇక ఉన్నికి మరో చిత్రమైన గుణం ఉంది. తన బరువులో దాదాపు మూడోవంతు తేమను పోగుల లోపలికి పీల్చుకుని కూడా ముట్టుకుంటే తడిగా అనిపించదు. పీల్చుకునేటప్పుడు కాస్త వేడిని కూడా విడుదల చేస్తుంది! ఇందాక దుప్పటికి సొంత వేడి లేదన్నానే, దానికి ఇదొక చిన్న మినహాయింపు.

మరి పాపకు గొంగడి ఉన్నితోనే టోపీ అల్లితే? వద్దు. మెరినో గొర్రె ఉన్ని పోగు సుమారు 20 మైక్రాన్ల మందం. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. పోగు మందం 30 మైక్రాన్లు దాటితే దాని కొస వంగకుండా చర్మాన్ని గుచ్చుతుంది. దక్కనీ ఉన్ని ముతక. గొంగట్లో అన్నం తింటూ వెంట్రుకలు ఏరినట్టు అనే సామెత ఊరికే పుట్టలేదు. ఆ సామెతకు ఆధారమైన గొర్రెలే ఇప్పుడు తగ్గిపోతున్నాయి. మాంసానికి గిరాకీ పెరిగి చాలామంది నెల్లూరు జాతి గొర్రెలకు మారారు. వాటికి పొట్టి వెంట్రుకలే తప్ప ఉన్ని ఉండదు.

బజారు ఉన్ని ఉన్నియేనా?

కొట్టుకు పోయి ఉన్ని ఇమ్మంటే రంగురంగుల ఉండలు ఇస్తారు. వాటిలో చాలావరకు అక్రిలిక్ దారం. అంటే రసాయన కర్మాగారంలో తయారైన కృత్రిమ పోగు. మెత్తగా ఉంటుంది, చవక, చెదలూ చిమటలూ ముట్టవు. చలి ఆపడంలో కూడా తీసివేయదగ్గది కాదు, గాలిని పట్టే పనికి ఏ దారమైతేనేం? కాని ఒక ప్రమాదం ఉంది.

పెద్దవాళ్లను దగ్గర ఉంచుకుని, ఇసుక పోసిన పళ్లెం మీద, పటకారుతో పట్టి వేలెడు దారం ముక్కలు అంటించి చూడండి. నిజమైన ఉన్ని వెంట్రుక కాలిన కమురు వాసనతో కాలి, మంట తీసేస్తే తనే ఆరిపోతుంది. మిగిలినది వేళ్ల మధ్య పొడి అవుతుంది. వెంట్రుకా ఉన్నీ రెండూ కెరటిన్ అనే మాంసకృత్తే మరి. నూలు కాగితంలా మండి బూడిద అవుతుంది. అక్రిలిక్ నల్లటి పొగతో చురచుర మండుతూ కరిగి, చివర గట్టి నల్లపూసలా మిగులుతుంది. ఆ కరిగిన బొట్టు చర్మానికి అంటుకుంటే ఊడిరాదు.

బాలింత గదిలో కుంపటి పెట్టి కాపడం కాసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఎలాగూ ప్రమాదమే, విషవాయువు కమ్ముతుంది. అక్కడే అక్రిలిక్ దుప్పటి కూడా ఉంటే చెప్పనక్కరలేదు.

చిన్న ఒంటికి పెద్ద చలి

అసలు పసివాళ్లకే ఇంత జాగ్రత్త ఎందుకు? ఒక లెక్క చూడండి. పక్క 1 సెంటీమీటరు ఉన్న ఘనానికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు, ఘనపరిమాణం 1. పక్క 2 సెంటీమీటర్లయితే ఉపరితలం 24, ఘనపరిమాణం 8. అంటే పెద్దదానికి ఒక్కో ఘన సెంటీమీటరు వాటాకు 3 చదరపు సెంటీమీటర్లే. వస్తువు చిన్నదయ్యేకొద్దీ బరువుకు తగ్గ ఉపరితలం పెరుగుతుంది. 3 కిలోల శిశువుకు కిలోకు ఉన్న చర్మం పెద్దవాళ్ల కిలోకు ఉన్నదానికన్నా సుమారు రెండున్నర రెట్లు. వేడి పోయే తలుపులు అన్ని ఎక్కువన్నమాట. పైగా శిశువు చర్మంలో దాదాపు అయిదోవంతు తల మీదే ఉంటుంది. మనకు పదోవంతు కూడా ఉండదు. అమ్మమ్మలు ముందుగా టోపీ అల్లడం మొదలుపెట్టేది అందుకే.

వేడి ఒంటిదే అని తెలిసినవాళ్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. 1978లో కొలంబియా దేశంలో బొగోటా నగరపు వైద్యుడు ఎడ్గార్ రే, ఇంక్యుబేటర్లు చాలక, తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్ని తల్లి రొమ్ము మీద చర్మానికి చర్మం తగిలేలా ఉంచడం ప్రారంభించాడు. ఇప్పుడు మన ఆసుపత్రుల్లోనూ ఈ పద్ధతి ఉంది. దుప్పటి తల్లినీ బిడ్డనూ కలిపి కప్పుతుంది. పాప ఒంటరిగా నిద్రపోయేటప్పుడు మాత్రం ముఖం మీదికి జరిగే వదులు దుప్పటి పక్కన ఉంచకూడదు. పాప కోసం అల్లేదానికి కన్నాలు చిన్నవి పెట్టాలి. పెద్ద కన్నాల్లో చిట్టివేళ్లు చిక్కుకుంటాయి.

టోపీలో దాగిన 'పై'

టోపీ నడినెత్తి దగ్గర ఒక గుండ్రని బిళ్లగా మొదలవుతుంది. అల్లేవాళ్లను అడగండి, మొదటి చుట్టులో 6 కుట్లు, రెండో చుట్టులో 12, తరవాత 18, 24, 30 అని చెబుతారు. చుట్టుచుట్టుకూ ఆరేసి పెంచాలి. ఒకే కన్నంలో రెండు కుట్లు వేస్తే ఒకటి పెరిగినట్టు. ఆరే ఎందుకు? ఏడో ఎనిమిదో ఎందుకు కాకూడదు?

పొట్టి కుట్టుకు ఎత్తూ వెడల్పూ ఇంచుమించు సమానం. ఒక చుట్టు వేయగానే బిళ్ల వ్యాసార్ధం ఒక కుట్టు పెరుగుతుంది. వృత్తం చుట్టుకొలత వ్యాసార్ధానికి 2 పై రెట్లు కదా, అంటే 6.28 రెట్లు. అంచేత చుట్టుకొలత 6.28 కుట్లు పెరగాలి. పావు కుట్టు వేయలేం కనక ఆరు వేస్తాం. ఆ కాస్త తేడాను దారం సాగి సర్దుకుంటుంది. రెట్టింపు ఎత్తుండే పొడుగు కుట్టు అయితే? వ్యాసార్ధం రెండేసి పెరుగుతుంది కనక పన్నెండు పెంచాలి. అల్లేవాళ్లు చేసేది సరిగ్గా అదే. 'పై' పేరు వినని అమ్మమ్మ కూడా దాన్ని వేళ్లతో లెక్కపెడుతూనే ఉంటుంది.

అప్పుడే పుట్టిన పాప తల చుట్టుకొలత 33 నుంచి 35 సెంటీమీటర్లు. అల్లిక సాగుతుంది కనక 30, 31 చాలు. కుట్టు అర సెంటీమీటరు అనుకుంటే 10 చుట్లకు 60 కుట్లు, చుట్టు 30 సెంటీమీటర్లు, బిళ్ల వ్యాసం 10 సెంటీమీటర్లు. అక్కడ పెంచడం ఆపేసి, అవే 60 కుట్లతో 14, 15 వరసలు వేయండి. బిళ్ల కిందికి మడతపడి గొట్టం అవుతుంది. టోపీ అయిపోయింది.

దీనికి విరుద్ధంగా, పెంచడం ఆపకుండా ప్రతి కన్నంలోనూ రెండేసి కుట్లు వేస్తే? 6, 12, 24, 48... పదో చుట్టులో 3,072 కుట్లు! బల్లపరుపు బిళ్లలో పట్టేవి అరవయ్యే. మిగతా మూడువేల పైచిలుకు ఎక్కడ కూర్చోవాలి? కిందికీ మీదికీ ముడతలు పడి కుచ్చులు కుచ్చులుగా లేస్తాయి. దసరా రోజుల్లో పూసే సీతజడ పువ్వును చూశారా? ఆ ముడతల జుట్టు అచ్చం ఇలాంటిదే. నడుమకన్నా అంచు అతిగా పెరిగితే వచ్చే రూపం అది. ఇలాంటి తలాన్ని గణితంలో అతిపరావలయ తలం అంటారు. 19వ శతాబ్దంలో లొబచేవ్‌స్కీ, బొల్యాయ్ కనిపెట్టిన ఈ జ్యామితిలో త్రిభుజం మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలకన్నా తక్కువ. దీన్ని కాగితంతో చేస్తే చిరిగిపోయేది. 1997లో అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతున్న డైనా టైమిన్యా అనే లాట్వియా గణితజ్ఞురాలు దీన్ని క్రోషియాతో అల్లి విద్యార్థుల చేతుల్లో పెట్టింది.

దారం ఎంత కొనాలి?

దుప్పటి అల్లబోయి సగంలో దారం అయిపోతే అదే రంగు మళ్లీ దొరక్కపోవచ్చు. ఒక్కోసారి కలిపిన రంగు ఇంకోసారికి రాదు. అందుకని ముందు 10 సెంటీమీటర్ల చదరం ఒకటి అల్లి, బంగారం తూచే చిన్న త్రాసులో తూయించండి. 6 గ్రాములు వచ్చిందనుకుందాం. 90 సెంటీమీటర్ల చదరపు దుప్పటికి అలాంటివి 81 పడతాయి. 81 ఆర్లు 486 గ్రాములు. అంచుకూ తరుగుకూ పదోవంతు కలిపితే 535 గ్రాములు. 50 గ్రాముల ఉండలు 11 కొనాలి.

పాప పెరిగి టోపీ పట్టకపోతే పారేయనక్కరలేదు. ఉచ్చులోంచి లాగిన ఉచ్చే కనక, చివరి ముడి విప్పి లాగితే మొత్తం ఊడి మళ్లీ ఒకే దారమవుతుంది. మగ్గం బట్టకు ఈ భాగ్యం లేదు. ఊడిన ఉన్ని దారం వంకరలు తిరిగి ఉంటుంది. చిలప చుట్టి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, కింద చిన్న బరువు కట్టి ఆరవేస్తే వంకర పోతుంది. తడి తగిలితే కెరటిన్ అణువుల మధ్య ఉన్న హైడ్రోజన్ బంధాలు వీడతాయి, ఆరేటప్పుడు సాగిన స్థితిలో మళ్లీ ముడిపడతాయి. తడిజుట్టును జడ వేసి ఆరాక విప్పితే అలలు తేలడమూ ఇదే. నీళ్లు మరీ వేడిగా ఉండకూడదు, రుద్దకూడదు. ఉన్ని పోగు మీది పొలుసులు ఒకదానికొకటి చిక్కుకుని దారం అట్టకడుతుంది. ఇక విప్పేటప్పుడు ఏ కొస పట్టుకోవాలో చూసుకోండి. చివర వేసిన కుట్టు వైపు నుంచి లాగితేనే ఊడుతుంది. మొదటి గొలుసు వైపు కొస ఎంత లాగినా బిగుస్తుందే తప్ప ఊడదు.